మొక్కుకున్న జుట్టు

మేడ్చల్ వెళ్ళొచ్చామంటే మా కాకినాడ బంధువులు అడిగే మొదటి మాట, ‘అక్కడ చూడ్డానికేముంది?’ అని. చూడ్డానికి వెళ్ళమని నేనూ ఎవరికీ చెప్పను. మేం తిరిగినదంతా కలిపినా హైదరాబాదుకి ఉత్తరాన ఒక చిన్న మూల. పేట్ బషీరాబాద్‌లో అద్దె గది, మేడ్చల్ దాటాక ఒక శిశుగృహం, శామీర్‌పేట వైపు కలెక్టరాఫీసు, నడుమ రావల్‌కోల్ అనే ఊరు. ఐర్లండు నుంచి విమానంలో ఒక్క రోజు దూరం. ఆ ఒక్క రోజు ప్రయాణానికి బయల్దేరడానికి మాకు ఆరేళ్ళు పట్టింది.

నాకూ సుధకీ పిల్లల్లేరు. దత్తతకి దరఖాస్తు పెట్టుకున్నాక, ఐర్లండులో మేముండే కార్క్ ఊరి అధికారులు ఇంటికొచ్చి మెట్ల ఎత్తు చూశారు, కిటికీ గొళ్ళేలు లాగి చూశారు, మమ్మల్ని వేరువేరుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ‘మీకు కోపమొస్తే ఏం చేస్తారు?’ అని ఒకటి. నాకు పెద్దగా కోపం రాదని చెప్పాను. రాసుకున్నారు.

తర్వాత ఎదురుచూపు. శనివారాలు ఉపవాసం ఉన్నాను. అలాంటి ఒక శనివారం పొద్దున మెయిల్లో ఫోటో వచ్చింది. రెండేళ్ళు నిండని పిల్ల, గచ్చు మీద కూర్చుని ఎవరినో చూస్తోంది. నుదుటి మీద పడే ఉంగరాల జుట్టు. ఆ ఫోటోని దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటానికి ఆనించి, ఈ పిల్లని మా ఇంటికి చేరిస్తే పుట్టు వెంట్రుకలు కొండ మీదే తీయిస్తానని మొక్కుకున్నాను. ఆ పిల్ల ఇంకా మనది కాదు కదా అంది సుధ. అందుకే కదా మొక్కేది అన్నాను.

పేట్ బషీరాబాద్

గది పెద్ద రోడ్డు పక్కనే. లారీలు ఆగవు. చుట్టూ సగం లేచిన అపార్టుమెంట్లు, వాటి ముందు నీటి ట్యాంకర్లు. కింద టిఫిను బండి దగ్గర ఇడ్లీ నలభై. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి ఉండాలి. ఇక్కడ పల్లి చట్నీ గిన్నెలో ఇడ్లీ మునిగిపోయేలా పోసి, పైన కారప్పొడి చల్లుతారు. బాగుంటుంది. సుధ సగం తిని వదిలేసింది. తప్పు చట్నీది కాదు.

మాకు దొరికిన ఆటో అతని పేరు జహంగీర్. యాభై దాటినవాడు, రావల్‌కోల్ వాడు. తాతలనాటి చేను కొంత మిగిలుంది, కూరగాయలు పండిస్తాడు, చేనులో పని లేనప్పుడు ఆటో. ఫోనులో ఇంటివాళ్ళతో ఉర్దూ, మాతో తెలుగు. ఏం పని మీద వచ్చారని మొదటి మలుపులోనే అడిగాడు. ఆర్డరు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని, చెబితే దిష్టి తగులుతుందని నేనొక నియమం పెట్టుకున్నాను. ప్లాటు చూద్దామని వచ్చామన్నాను. ఆ దారిలో ఎవరైనా నమ్మే అబద్ధం అదొక్కటే.

అక్కణ్ణుంచి ప్రతి వెంచరు గేటు ముందూ ఆటో నెమ్మదించింది. ఇది తూర్పు ఫేసింగు, అది గవర్నమెంటు భూమి, దాని జోలికి పోవద్దు, ఇక్కడ బోరు వేస్తే నీళ్ళు పడవు అని చెప్పుకుంటూ పోయాడు. సుధ మొహం అటు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. తను నవ్వడం మళ్ళీ చాలా రోజులకి గాని చూడలేదు.

మేడ్చల్

శిశుగృహం పేరు రాయను. శుభ్రమైన చోటు. నడవలో అరచేతిలో పట్టే చెప్పులు వరసగా ఉన్నాయి. ఇన్‌చార్జి మేడం మా కాగితాలు చూసి, గురువారం కలెక్టరాఫీసులో హాజరు కావాలని చెప్పారు. అప్పటిదాకా రోజూ కాసేపు వచ్చి పిల్లతో గడపాలి. పిల్ల మాతో ఎలా ఉంటోందో ఆవిడ రాసిచ్చే కాగితం కూడా ఫైల్లో వెళ్తుంది. గురువారం తప్పితే మళ్ళీ తేదీ ఎప్పుడో చెప్పలేనన్నారు. ఐర్లండు వాళ్ళు మాకిచ్చిన అనుమతి ఆ నెలాఖరుకి చెల్లిపోతుంది. చెల్లితే మెట్ల ఎత్తు దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. నా వయసుకి మళ్ళీ మొదలంటే, ఇక లేనట్టే.

అప్పుడు ఆయా పిల్లని చంకనేసుకుని వచ్చింది. పిల్ల తల మీద జుట్టు లేదు. నున్నటి గుండు, చెవుల వెనక పసుపు మరక.

ఆరేళ్ళుగా ఆ క్షణంలో ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. నా నోటి నుంచి వచ్చింది మాత్రం, “జుట్టేది?”

ఎండాకాలం నాటి సెగ్గడ్డలు తలంతా మళ్ళీ లేచాయని, జ్వరం తగ్గకపోతే డాక్టరు పోయిన వారమే జుట్టు తీయించమన్నాడని మేడం చెప్పారు. యాదమ్మ, ఆ ఆయా పేరు, అంతటితో ఆపనివ్వలేదు. ఆమె మొహంలో నాకు బహుమతి ఇస్తున్న సంతోషం ఉంది.

“ఉత్తగ తీపియ్యలే సారు. జరం తగ్గాలని కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. మంగలి ఈడికే వచ్చిండు. మా తమ్ముడు మేనమామ లెక్క ఒళ్ళె కూసోవెట్టుకుండు. సిన్ని మస్తు బుద్ధిగ కూసున్నది.”

మా వైపు కూడా పుట్టు వెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే తీయిస్తారు. ఈ పిల్లకి మేనమామ సుధ తమ్ముడు కావాలి, తీసేది తిరుమలలో కావాలి. ఇస్తానన్నది ఇవ్వలేకపోతే ఆ దేవుడు నాకెందుకిస్తాడు? మొక్కు తప్పిన ఇళ్ళ కథలు చెప్పి పెంచింది మా అమ్మ. అవన్నీ ఒక్కసారిగా నిజమని తోచాయి. గురువారం పోయిందనిపించింది.

సుధ చేతిసంచి కింద పెట్టి, గచ్చు మీద కూర్చుని, పిల్ల వైపు చూడకుండా గాజులు తీసి తొడుక్కుంటోంది. పిల్ల యాదమ్మ భుజం మీంచి ఆ గాజుల్నే చూస్తోంది. నేనూ పక్కన కూర్చుంటే సరిపోయేది. లేచి మేడం గదిలోకి వెళ్ళాను. ఒకళ్ళ పిల్లని ఇంకొకళ్ళు ఎలా మొక్కుతారని అడిగాను. గొంతు పెరిగింది. పైవాళ్ళకి రాయాల్సి వస్తుందని కూడా అన్నాను. అది బెదిరింపని అంటున్నప్పుడే తెలుసు. మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, సరే, చూస్తానన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి యాదమ్మ లేదు. పెద్ద పిల్లల వైపు మార్చారట. మేం తెచ్చిన బొమ్మ వైపు పిల్ల చూడలేదు. తలుపు దగ్గర కూర్చుంది. ఎవరి చెప్పుల చప్పుడైనా వింటే లేచేది, మనిషిని చూసి మళ్ళీ కూర్చునేది. అన్నం ముద్ద నోట్లో పెడితే బుగ్గన ఉంచుకుని, కాసేపటికి ఉమ్మేసింది.

ఆ మరుసటి రోజూ అంతే. తిరిగొచ్చేటప్పుడు సుధ ఆటోలో ఒక్క మాటే అంది. “మీరు వెళ్ళి అడిగింది మన పిల్ల గురించి కాదు, మీ మొక్కు గురించి.”

జవహర్‌నగర్ మీదుగా

మంగళవారం ఒక సంతకం పెట్టడానికి శామీర్‌పేట వెళ్ళాం. పని తొందరగా అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు జహంగీర్ ఏదో కొత్త దారి పట్టాడు. సుధ వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుంది. నేనూ కళ్ళు మూసుకుని మనసులో గోవింద నామాలు చెప్పుకుంటున్నాను. మధ్యలో మరిచిపోతే అపశకునమని మళ్ళీ మొదట్నుంచి.

వాసన వచ్చాకే కళ్ళు తెరిచాం. దూరంగా నగరం చెత్తంతా కొండలా పేర్చి ఉంది. దాని మీద గద్దలు తిరుగుతున్నాయి. ఇవతల కాలనీలో ఆడవాళ్ళు మామూలుగా బిందెలు నింపుకుంటున్నారు, బడి నుంచొస్తున్న పిల్లలు ఐసు పుల్లలు చీకుతున్నారు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నది మేమిద్దరమే.

జహంగీర్ ఆటో ఆపి ఒక ఖాళీ స్థలం చూపించాడు. మూడు రోజులుగా మా వాలకం గమనించాడట. పెద్ద వెంచర్లు మా వల్ల కాదని అతనికి అర్థమైందట. “గిది సస్తల పడ్తది సార్. వాసన జర ఉంటది. అలవాటైతది.”

అప్పుడే మేడం ఫోను. పిల్లకి ఒళ్ళు వెచ్చబడింది. పొద్దున్నుంచీ పాలు కూడా తాగలేదు. ఇలాగే ఉంటే గురువారం తీసుకురాలేమని, వేరే తేదీ అడగాల్సి వస్తుందని చెప్పారు. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఎవరిదో తెలియని ప్లాటులో, ఆ వాసనలో నిలబడి, జహంగీర్‌కి అంతా చెప్పేశాను. పిల్ల సంగతి, నా మొక్కు సంగతి, ఆయా మీద ఫిర్యాదు సంగతి. అతను గుడ్డ తీసి హ్యాండిలు తుడిచాడు.

“గింత మంచి పనికొచ్చి ప్లాటని జెప్తరా సార్? నేను మీకోసం ఎంతమందిని అడిగినో తెల్సా, షరమ్‌గున్నది నాకు” అన్నాడు సిగ్గుపడుతూ. తర్వాత, “యాదమ్మ మా ఊరామెనే. నన్ను తమ్ముడని పిలుస్తది. కూసోండ్రి” అని ఆటో తిప్పాడు.

రావల్‌కోల్

వాన మొదలైంది. మొక్కజొన్న చేలు, వాటి మధ్య అక్కడక్కడ ప్రహరీ గోడలు కట్టి వదిలేసిన స్థలాలు. యాదమ్మ ఇల్లు ఊరి చివర రేకుల ఇల్లు. పెద్ద పిల్లల వైపు మార్చాక రెండు రోజులుగా పనికే పోవడం లేదట. చూరు కింద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. సుధకి పీట జరిపింది. నాకు జరపలేదు.

“రా తమ్మీ,” అని జహంగీర్‌తో అంది. “పట్నం సారును గిట్ల వానల తీస్కొచ్చినవేంది? జలుబు జేస్తే మల్లా నా మీద రాస్తడు.”

ముగ్గురికీ చల్ల పోసింది. మా మజ్జిగ కాదు, పచ్చిమిరపకాయ చిదిమిన చిక్కటి చల్ల. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు పళ్ళెంలో పెట్టింది, గుడాలంటారట. ఎంత కోపమున్నా వచ్చినవాళ్ళకి పెట్టడం ఆపదన్నమాట. నిలబడే తిన్నాను.

తప్పు నాదేనని చెప్పాను. పిల్ల తినడం లేదని, జ్వరమొచ్చిందని చెప్పాను. చేట ఆగింది. మొహం గోడ వైపు తిప్పుకుంది. అక్కడితో ఆపి ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. కానీ తల పైకెత్తేసరికి దూలానికి కట్టిన చిన్న పసుపు గుడ్డ మూట కనిపించింది. అందులో ఉన్నది పిల్ల జుట్టని అడక్కుండానే తెలిసింది. అంత భయంలోనూ, పిల్లకి జ్వరమని విన్న గంట లోపల, నా మనసు దాని మీదికే పోయింది.

“అందులో సగమైనా ఇవ్వమ్మా. కొండకి తీసుకెళ్తాను. నా మొక్కు తీరకపోతే పిల్ల మాకు దక్కదేమోనని భయంగా ఉంది.”

సుధ తల దించుకుంది. యాదమ్మ మాత్రం మొదటిసారి నన్ను నిదానంగా చూసింది. కోపంగా కాదు.

“సారు, పిల్ల ఒళ్ళు పెనం లెక్క కాలుతుంటే మొక్కిన. తగ్గింది. అది నాకూ మల్లన్నకూ ఉన్న లెక్క. మీ ఎంకన్నకు మీరు మొక్కిన్రు. మంచిదే. కని మొక్కేటప్పుడు మీకు తల లేకుండెనా? పిల్ల తల ఎందుకు మొక్కిన్రు?”

చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మొక్కులన్నీ అలాగే మొక్కాను నేను. ఉపవాసం ఉన్నానంటే నిజమే, ఒంటికి మంచిదని కూడా ఉన్నాను. నాది అనదగ్గది, నాకు లోటయ్యేది, ఏదీ స్వామి ముందు పెట్టలేదు. ఇంకా చూడనైనా చూడని పిల్ల జుట్టు పెట్టాను.

రమ్మని సుధ అడిగింది. యాదమ్మ బియ్యం డబ్బాలో పోసి మూత పెట్టింది. “పొమ్మన్నది మేడం. మేడంకు జెప్పింది సారు. మల్లా సారే జెప్పాలె. నేను వినాలె.”

అక్కడే, ఆవిడ ముందే, ఫోను చేశాను. మొన్నటి ఫిర్యాదు తప్పని, భయంతో అన్నానని, యాదమ్మని పిల్ల దగ్గరికి పంపమని అడిగాను. రేపు మీరే మాట మారిస్తే ఎలాగని మేడం అడిగారు. అడగాల్సిందే. మార్చనని రాసిస్తానన్నాను. అవసరం లేదు, తీసుకురండి అన్నారు.

యాదమ్మ చీర మార్చుకుని, టిఫిను డబ్బాతో వచ్చి సుధ పక్కన కూర్చుంది. నేను జహంగీర్ పక్కన ఇరుక్కుని సగం తడుస్తూ మేడ్చల్ దాకా వెళ్ళాను. వెనకనుంచి ఆమె సుధని ‘బిడ్డా’ అని పిలవడం వినిపించింది. నన్ను మాత్రం ఏమీ పిలవలేదు.

మంగలి షాపు

వాళ్ళని శిశుగృహంలో దింపాక లోపలికి వెళ్ళలేదు. నన్ను చూస్తే పిల్ల ఇంకా బెదురుతుందేమోనని. రోడ్డు దాటి, కనిపించిన మొదటి షాపులోకి వెళ్ళి గుండు చేయమన్నాను.

కుర్రాళ్ళ కటింగులకి అలవాటైన షాపు అది. మంగలి నన్ను అద్దంలో చూశాడు. రేడియో తగ్గించాడు. “ఎవరు పోయిండ్రు సార్?” అని మెల్లగా అడిగాడు.

ఎవరూ పోలేదని, మొక్కని చెప్పాను. కొండ మీద కొట్టించుకోవాలి గానీ మేడ్చల్లో ఏమిటని అతని అనుమానం. కొండకి వెళ్ళే వ్యవధి లేదు, జుట్టు తీసుకెళ్తానన్నాను. అతను చేతులు కడుక్కుని వచ్చి, కొత్త బ్లేడు విప్పి, కింద శుభ్రమైన తువ్వాలు పరిచాడు. అరవై తీసుకున్నాడు. కార్క్‌లో ఆ డబ్బుకి కుర్చీలో కూర్చోనివ్వరు.

అద్దంలో చూసుకుంటే మా నాన్న పోయిననాటి నేను. ఎల్లుండి శుభకార్యం పెట్టుకుని, ఈ తలతో గుమ్మం దాటబోతున్నానన్న సంగతి అప్పుడు తట్టింది. మా వైపు దీన్ని శుభమనరు. నాకంటే ముందే గదికి చేరిన సుధ తలుపు తీసి, నా తల చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. “పాలు తాగింది” అంది.

శామీర్‌పేట

గురువారం తెల్లవారినప్పటి నుంచి ముసురు. పొద్దున జ్వరం లేదని ఫోను వచ్చింది, కానీ దారిలో మళ్ళీ వస్తే? చెరువు దగ్గర బొగ్గుల మీద కాలుస్తున్న కంకులు చూసి జహంగీర్ ఆగుదామన్నాడు. మా వైపు మొక్కజొన్న పొత్తులంటాం, వీళ్ళు మక్క కంకులంటారు. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్దడం మాత్రం ఒకటే. వద్దన్నా కొనిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఇద్దరం చేతుల్లో పట్టుకున్నాం గానీ కొరకలేకపోయాం.

ఆఫీసు వరండాలో బెంచీ. అక్కడ అందరూ మాకు దారిచ్చారు. నా తల చూసి. ఒక గుమాస్తా మంచినీళ్ళు తెచ్చిచ్చి, పోయింది పెద్దవారా అని అడిగాడు. ఎవరూ పోలేదంటే ఇబ్బందిగా నవ్వాడు.

మేడం, వెనక యాదమ్మ, యాదమ్మ చంకన పిల్ల వచ్చారు. యాదమ్మ నన్ను చూసి ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్విందో మరేమిటో నాకు తెలియలేదు.

“సూడు సిన్నీ,” అంది. “నీ లెక్కనే ఉన్నడు.”

పిల్లని బెంచీ మీద సుధ పక్కన దింపింది. పిల్ల ముందు సుధ గాజులు పట్టుకుంది. తర్వాత నన్ను చూసింది. మొహం కాదు, తల. తన తల తడుముకుంది. మళ్ళీ నన్ను చూసింది. నేను తల వంచాను. చెమటగా, వెచ్చగా ఒక చిన్న అరచెయ్యి నా నడినెత్తి మీద పడింది. కాసేపు అలాగే ఉంచి, తబలా మీద కొట్టినట్టు రెండుసార్లు కొట్టింది. సుధ ఇటు తిరగలేదు. గోడ మీద గడియారాన్నే చూస్తూ ఉండిపోయింది.

లోపల ఎక్కువసేపు పట్టలేదు. ఎందుకు దత్తత తీసుకుంటున్నారని అడిగారు. సిద్ధం చేసుకున్న జవాబు ఏదీ గుర్తుకు రాలేదు. పిల్ల మాకు కావాలి, అన్నాను. ఆర్డరు తర్వాత పంపిస్తామన్నారు. ఆ ‘తర్వాత’ అన్న మాటతో బయటికొచ్చి, అప్పటికి చల్లారిపోయిన కంకులు తిన్నాం. పిల్ల నా కంకి లాక్కుని ఒక గింజ పీకి, యాదమ్మ నోట్లో పెట్టింది.

మళ్ళీ కార్క్

గడువు లోపలే ఆర్డరు వచ్చింది. కానీ పాస్‌పోర్టు రావాలి, దాని మీద ఐర్లండు వాళ్ళ వీసా రావాలి. నా సెలవు అయిపోయింది. సుధ పిల్లతో పేట్ బషీరాబాద్ గదిలోనే ఉండిపోయింది. నేనొక్కణ్ణే వచ్చాను. విమానాశ్రయంలో పాస్‌పోర్టు ఫోటోకీ నా తలకీ పొంతన కుదరక కాసేపు పక్కన నిలబెట్టారు. పిల్ల ఫోటోల్లో ఒకదానిలో ఉంగరాల జుట్టు, ఒకదానిలో గుండు ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు నా నిద్ర చెడగొట్టే భయం అదే.

నా జుట్టు పసుపు గుడ్డలో సుధ దగ్గరుంది. ముగ్గురం కలిసి కొండకి వెళ్ళే రోజు ఇస్తాం. యాదమ్మ మొన్న ఆదివారం జహంగీర్ ఆటోలో జూబ్లీ బస్టాండుకి, అక్కణ్ణుంచి కొమురవెల్లికి వెళ్ళొచ్చిందట. ఆమె మొక్కు తీరింది. ప్రసాదం తెచ్చి ముందు నా వాటా పక్కన పెట్టమని సుధకి చెప్పిందట. ఎన్నాళ్ళు పెడతావు, పాడైపోతుంది, తినెయ్యమన్నాను.

వీసా ఇంకా రాలేదు. పొద్దున లేవగానే మెయిలు చూస్తాను, తర్వాత దేవుడి గూట్లో దీపం పెడతాను. ఈ వరస తప్పని తెలుసు, ఇంకా మార్చుకోలేదు. స్వామికి కొత్తగా ఏమీ మొక్కలేదు. ఏం మాట్లాడాలో తెలియక ఊరికే కూర్చుంటున్నాను.

అక్కడ సాయంత్రమయ్యేసరికి సుధ ఫోను చేస్తుంది. పిల్లకి తల మీద నూగులా మొలిచింది. నాకూ అంతే, నాది మాత్రం తెల్లగా. పిల్ల నా మొహం చూడదు. ఫోను లాక్కుని, తన తల తడుముకుని, ఎదురుచూస్తుంది. నేను గూటి ముందు కూర్చున్నట్టే కూర్చుని, తల వంచుతాను. అవతల తెర మీద అరచెయ్యి కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది.